జత లేని పెళ్ళి కిరీటం

"ఆ పాత్ర నాకిస్తేనే సంతకం" అని గరిఫల్య కలాన్ని బల్ల మీదికి గెంటేసి, చేతులు కట్టుకుని కూర్చుంది. పోయిన వారం అక్కడ ఆపాను. మీరు ఏడు రోజులు ఆగారు. ఆ గదిలో మాకు గడిచింది పావుగంటే గానీ, ఆ పావుగంటలో ఎవరూ గట్టిగా ఊపిరి కూడా పీల్చలేదు.

కొత్తగా చదువుతున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. నా పేరు వాంగెల్యో. అరవై ఒకటి నిండాయి. ఏథెన్స్‌లో ముప్పయ్యేళ్ళుగా సినిమాలకీ నాటకాలకీ బట్టలు కుడుతున్నాను. మాది దక్షిణాన మాని సీమ. గరిఫల్యదీ అదే, వాళ్ళ ఊరు కొండ మీద, మాది కొండ కింద. గరిఫల్య వాళ్ళ ఇంట్లో కొడుకుగా పుట్టింది, ఇక్కడ ఆడదానిగా బతుకుతోంది. ఇరవై రెండేళ్ళ కిందట చిన్నాన్న మెడపట్టి గెంటేస్తే ఒక్క సంచీతో నా గుమ్మంలోకి వచ్చి పడింది. ఆమె పాత పేరు నాకు తెలుసు, కానీ ఇక్కడ రాయను.

ఆమె కథనే ఫెదోన్ సినిమా తీస్తున్నాడు. ఫెదోన్ సినిమా అంటే సగంమంది మధ్యలో లేచిపోవాలి, మిగిలిన సగం లేచి నిలబడి చప్పట్లు కొట్టాలి. అప్పుడే అతనికి తిన్నది అరుగుతుంది. ఇంట్లోంచి వెళ్ళగొట్టిన బిడ్డకి, ఆమె బతికుండగానే, కుటుంబం కర్మ చేస్తుంది. ఆమె సరిగ్గా ఆ పూటకే తిరిగొచ్చి, బట్టలన్నీ విప్పి, బల్లెక్కి కూర్చుని, తన పేర పంచాల్సిన కోలివా, అంటే కర్మకి ఉడకబెట్టిన గోధుమలు, తనే పళ్ళెంలో మొహం పెట్టి తినేస్తుంది. ఇదీ సినిమా. నేను సిగ్గుపడే రకం కాదు, ఇంతకన్నా ఘోరమైనవాటికి బట్టలు కుట్టాను, విప్పడానికి వీలుగా కూడా కుట్టాను. నా గొడవ ఆ సీను గురించి కాదు. ఆ పాత్రని మార్కెలోస్ అనే టీవీ నటుడికి, గెడ్డం గీస్తే సాయంత్రానికి మళ్ళీ మొలిచే మగవాడికి ఇచ్చి, గరిఫల్యకి 'సలహాదారు' అని ఒక మాట పడేశారు. నా గొడవ అది.

ఇంతలో ఆ కాగితం వచ్చింది. సినిమాకి సాయం చేసే యూరప్ సంస్థ ఒకటి గడులు గీసి పంపింది. ఇందులో ఆడవాళ్ళెందరు, వలస వచ్చినవాళ్ళెందరు, ముసలివాళ్ళెందరు, గరిఫల్య లాంటివాళ్ళెందరు అని. సౌండ్ చూసే ఎలీరా అల్బేనియాలో పుట్టింది కాబట్టి ఒక గడి నిండింది. నా పేరు నన్నడక్కుండానే ఇంకో గడిలో రాసేశారు. మిగిలింది ఒక్కటే. గరిఫల్య సంతకం పెట్టి అందులో కూర్చోవాలి, మధ్యాహ్నం రెండు గంటలకల్లా కాగితం వెళ్ళిపోవాలి. లేకపోతే సినిమా లేదు.

కిప్సెలిలో, ఒకప్పుడు చెప్పుల కార్ఖానాగా ఉన్న ఆ మేడమీది గదిలో అప్పుడు శుక్రవారం మధ్యాహ్నం పన్నెండున్నర. ఫిబ్రవరి చలి. మేము ఐదుగురం. మార్కెలోస్ రిహార్సల్ కోసం నేను కుట్టిన లంగా, ఎత్తు మడమల చెప్పులు వేసుకుని, కూర్చోవాలో నిలబడాలో తెలియక కిటికీకి ఆనుకున్నాడు. ఎలీరా తన యంత్రాల వెనక తల వంచుకుంది. ఫెదోన్ నువ్వుల బన్ను తుంచి నోట్లో వేసుకుంటూ నిమ్మకు నీరెత్తినట్టు ఉన్నాడు.

"చూడు గరిఫల్యా," అన్నాడు, "నటన అంటే ఏమిటి? తను కాని మనిషి అవ్వడం. నువ్వు నువ్వుగా ఉంటే అందులో నటన ఏముంది?"

"మార్కెలోస్ టీవీలో తండ్రి వేషం వేశాడు. ఆయనకి ఇద్దరు పిల్లలు. అది నటన కాదా?"

మార్కెలోస్ ఫక్కున నవ్వి, ఫెదోన్ మొహం చూసి ఆపేశాడు.

"నేను పదకొండు సినిమాల్లో వేశానండీ," అంది గరిఫల్య. గొంతు పెంచలేదు. "ఏడింట్లో శవాన్ని. మూడింట్లో బార్ తలుపు దగ్గర నిలబడ్డ మనిషిని. ఒకదాంట్లో నాకు మాట ఉంది. 'అగ్గిపెట్టె ఉందా?' అంతే. మీరందరూ మాలా అవ్వొచ్చు. మేము మాత్రం మాలా కూడా అవ్వకూడదా?"

"జనం మార్పు చూడాలి. అందరికీ తెలిసిన మొహం కళ్ళ ముందే మారిపోతుంటే వాళ్ళ కడుపులో తిప్పాలి. నీ మొహం వాళ్ళకి తెలీదే!"

"ఎలా తెలుస్తుంది? మొహం మీద ఎప్పుడూ దుప్పటి కప్పేశారు కదా."

నాకు శభాష్ అనాలనిపించింది. నోట్లో గుండుసూదులు ఉన్నాయి కాబట్టి ఊరుకున్నాను.

ఫెదోన్ బన్ను పక్కన పెట్టి వేళ్ళకంటిన నువ్వులు దులుపుకున్నాడు. అతను అలా నెమ్మదిగా చేతులు దులుపుకున్నాడంటే లోపల ఏదో దాచుకున్నాడని అర్థం. మూడు సినిమాలు చేశాను అతనితో, నాకు తెలుసు.

"సరే. నీకొకటి వినిపిస్తాను. విన్నాక కూడా సంతకం వద్దంటే, తలుపు అటుంది. మీ అమ్మ గొంతు వినలేదన్నావు కదూ, ఎన్నేళ్ళయింది?"

గరిఫల్య కట్టుకున్న చేతులు విడిపోయాయి.

"నువ్వు వెళ్ళిపోయిన ఏడాది మీ అమ్మ నీ మీద శోకం ఎత్తుకుంది. ఎవరో పాటలు సేకరించేవాళ్ళు రికార్డు చేశారు. నాకు దొరికింది. నీ తల్లి నిన్ను బతికుండగానే పాతిపెట్టింది, గరిఫల్యా. ఈ సినిమా ఆమెకి నువ్వు చెప్పే జవాబు. నీ కోసమే తీస్తున్నా దీన్ని. ఎలీరా, పెట్టు."

ఎలీరా కదల్లేదు.

"ఎలీరా!"

ఆ పిల్ల మీట నొక్కింది. నొక్కిన చెయ్యి ఒళ్ళో పెట్టేసుకుని, దాని మీద రెండో చెయ్యి వేసి అదిమిపెట్టుకుంది.

ముందు పొయ్యిలో కట్టె చిటపటమన్నది. తరవాత స్తమాత గొంతు. గరిఫల్య తల్లి స్తమాత శోకం ఎత్తుకుంటే కొండ కింద మా ఊళ్ళో గిన్నెలు తోముకుంటున్నవాళ్ళం చేతులు ఆపేసేవాళ్ళం. మా సీమలో ఆడదానికి మగవాళ్ళ ముందు నోరెత్తే హక్కు ఒక్క శవం దగ్గరే ఉంటుంది. అక్కడ మాత్రం ఏమైనా అనొచ్చు, ఎవర్నైనా కడిగెయ్యొచ్చు, ఎవరూ అడ్డు రారు. అందుకే చచ్చినవాళ్ళు లేకుండా ఏ ఆడదీ ఊరికే శోకం ఎత్తుకోదు. సరదాకి ఎత్తుకుంటే ఇంట్లో ఎవరో ఒకరు పోతారు. ఆ భయం నాకు ఇప్పటికీ ఉంది.

గొంతు ముసలిదైపోయింది. కానీ అదే గొంతు.

"బస్సులోన వచ్చెనమ్మా,
ఒంటి కిరీటం వచ్చెనమ్మా,
జోడు లేని పెళ్ళి నీది,
నా గరిఫల్యా, నా బిడ్డా."

గరిఫల్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తల్లి తనని ఆ పేరుతో పిలవగా ఆమె పుట్టి బుద్ధెరిగి వినలేదు. ఎవరూ వినలేదు.

"మా అమ్మ పేరు నేను పెట్టక
నీకు నువ్వే పెట్టుకుంటివి.
ఇరవై రెండు ఉత్తరాలు
పిండి డబ్బాలో దాచుకుంటిని.
మీ చిన్నాన్నకు భయపడితిని,
నోరారా నిన్ను పిలవనైతిని.
పిలుస్తున్నా ఇప్పుడమ్మా,
పలకవేమే, పలకవేమే."

ఎలీరా ఆపేసింది.

గదిలో ముక్కులు ఎగబీల్చిన చప్పుడు ఒక్కటే. ఆ ఏడుస్తున్నది మార్కెలోస్. గరిఫల్య ఏడవలేదు. బల్ల అంచు పట్టుకుని, తనలో తను లెక్క సరిచేసుకుంటున్నట్టు గొణిగింది.

"ఇరవై మూడు. ఇప్పుడు ఇరవై మూడు."

మా దగ్గర ఆడపిల్ల పుడితే అమ్మమ్మ పేరో నాయనమ్మ పేరో పెట్టాలి. స్తమాత తల్లి పేరు గరిఫల్య. ఈ పిల్ల ఏథెన్స్ వచ్చిన మొదటి రాత్రి నా మంచం మీద కూర్చుని, "నేను ఆడపిల్లగా పుట్టి ఉంటే అమ్మ ఏం పేరు పెట్టేది పిన్నీ?" అని అడిగి, ఆ పేరే పెట్టేసుకుంది. ఏటా తల్లి పేరు పండుగ నాడు, అంటే ఆమె పేరున్న సెయింటు రోజున, ఆ పేరుతోనే ఉత్తరం రాస్తుంది. ఒక్కదానికీ జవాబు రాలేదు. అయినా మానలేదు. మొన్న మూడో తారీఖున ఇరవై మూడోదానికి స్టాంపు నేనే అంటించాను.

వీటన్నిటి గురించీ నేను తరవాత ఆలోచించాను. అప్పుడు నా బుర్రలో తిరుగుతున్నది వేరే. బస్సులో వచ్చిన ఒంటి కిరీటం.

నెల కిందట మా పెదనాన్న కూతురు పనయోత ఊరినుంచి ఫోను చేసింది. పెళ్ళి కిరీటం ఒకటి కొని బస్సులో వెయ్యమంది. తెల్ల మైనపు పూలది, పెళ్ళికూతురి తలకి సరిపడేది, ఒక్కటే. "ఎవరికే?" అంటే, "స్తమాత అడిగింది, నన్నడక్కు" అంది. మా దగ్గర పెళ్ళి కిరీటాలు ఎప్పుడూ జతగా కొంటారు, రెండిటినీ ఒకే రిబ్బన్‌తో కలిపి కడతారు, పెళ్ళయ్యాక దేవుడి గూట్లో దాచుకుంటారు. ఒంటిది అడిగారంటే పాతదేదో విరిగి ఉంటుంది, ఎవరి ఇంటి దేవుడి గూట్లోదో అనుకున్నాను. షాపువాడు విసుక్కుంటూ రిబ్బన్ కత్తిరించి ఒకటి ఇచ్చాడు. పెట్టెలో సర్ది, బస్సు డ్రైవరు చేతిలో పెట్టి, ఇంటికొచ్చి పప్పు వండుకున్నాను. ఒంటి కిరీటం దేనికి వాడతారో నాకు తెలియక కాదు. పెళ్ళి కాకుండా చచ్చిపోయిన ఆడపిల్లకి పెడతారు. ముప్పయ్యేళ్ళు పట్నంలో ఉండి ఆ ముక్క మరిచిపోయాను. నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాలి.

నోట్లోంచి గుండుసూదులు తీసి జాకెట్‌కి గుచ్చుకున్నాను, ఒక్కొక్కటీ.

"ఫెదోన్ గారూ," అన్నాను. "ఆ రికార్డు ఇరవై రెండేళ్ళ కిందటిదన్నారు."

"అవును."

"ఇరవై రెండేళ్ళ కిందట ఇరవై రెండు ఉత్తరాలు ఎలా అందాయండీ? ఆ కిరీటం బస్సులో వేసింది నేను. నెల కిందట."

గరిఫల్య నా వైపు తిరిగింది. ఆ మొహం నేను చచ్చేదాకా మరిచిపోను.

"ఎవరి కోసం వేశావు పిన్నీ?"

నేను నోరు తెరిచేలోపు ఎలీరా లేచి నిలబడింది. హెడ్‌ఫోన్ మెడలోంచి జారి నేలమీద పడింది.

"నేను చెప్తాను. నాకు నిద్ర పట్టడం లేదు. గరిఫల్యక్కా, నన్ను క్షమించు. ఐదారు వారాల కిందట ఈయనా నేనూ మీ ఊరెళ్ళాం. పాట కావాలని ఈయన అడిగితే మీ అమ్మ, 'చచ్చినవాళ్ళు లేకుండా నేను పాడను, తలుపు వేసి పొండి' అంది. ఈయన నన్ను కారులో కూర్చోమని మళ్ళీ లోపలికెళ్ళాడు. నాకు తెలీదు, నిజంగా తెలీదు ఏం చెప్పాడో. బయటికొచ్చేసరికి ఆమె గడపలో కూలబడి ఉంది. తొమ్మిదో రోజుకి మళ్ళీ తీసుకెళ్ళాడు. అప్పుడు పాడింది. ఆమె మెడ చుట్టూ నీ నీలం శాలువా ఉంది."

గరిఫల్య ఆ ఒక్క సంచీలో ఇంటినుంచి తెచ్చుకున్న నీలం శాలువా! సినిమాకి కావాలని ఫెదోన్ అడిగితే ఇచ్చింది కూడా నేనే.

"ఏం చెప్పావు మా అమ్మకి?" అంది గరిఫల్య. అప్పటిదాకా అతన్ని మీరు అనేది.

ఫెదోన్ కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. సిగ్గుపడతాడేమో అని చూశాను. లేదు.

"నువ్వు పోయావని చెప్పాను. జబ్బు చేసి పోయావనీ, ఇక్కడే మట్టి చేశారనీ."

మార్కెలోస్ "ఒరేయ్" అన్నాడు.

"ఆగండి. అందరూ నన్ను రాక్షసుణ్ణి చూసినట్టు చూడకండి. గరిఫల్యా, నువ్వు చెప్పు. ఇరవై రెండేళ్ళు నిన్ను చచ్చినదానిలాగే చూసింది. ఒక్క జవాబు రాసిందా? ఒక్కసారి నీ పేరు పలికిందా? నేను అబద్ధం చెప్పాను, ఆమె నిజం పాడింది. కూతురంది. నా గరిఫల్యా అంది. నీకు అది ఇంకెవడు తెచ్చిచ్చేవాడు?"

నేను చెయ్యి చాచి, ఐదు వేళ్ళూ విప్పి, అరచెయ్యి అతని మొహం ముందు పెట్టాను. మా దేశంలో అంతకన్నా పెద్ద తిట్టు లేదు. నా వయసు ఆడది దర్శకుడి మొహాన అలా పెట్టడం అతను ఎప్పుడూ చూసి ఉండడు. అతను తల పక్కకి జరుపుకుని నా చేతి పక్కనుంచి మాట్లాడాడు.

"ఈ ఆదివారం నలభయ్యో రోజు. ఊరంతా వస్తుంది. కోలివా పంచుతారు. చర్చి గుమ్మం ఎదురుగా కెమెరా పెట్టించాను. నిన్న సాయంత్రం నుంచి ఇద్దరు కుర్రాళ్ళు మీ ఇంట్లోనే ఉన్నారు, జానపద పాటల వాళ్ళమని చెప్పి. పాత్ర కావాలన్నావు కదా? తీసుకో. నీదే. నీ జీవితం, నీ ఊరు, నీ తల్లి, నువ్వు. పది గంటలకి నువ్వు ఆ గుమ్మంలోంచి నడిచి వస్తావు. నటించక్కర్లేదు. బట్టలు విప్పక్కర్లేదు, అది కూడా వదిలేస్తాను. ఇంతకన్నా నిజం ఏ సినిమాలో ఉంది చెప్పు?" బల్ల మీది కాగితాన్ని వేలితో ముందుకి తోశాడు. "ఆ గడి కూడా అబద్ధం లేకుండా నిండుతుంది."

ఆ క్షణంలో నాకు అతని మీద కోపం కన్నా భయం ఎక్కువ వేసింది. తను మంచే చేస్తున్నానని మనసారా నమ్ముతున్నాడు ఆ మనిషి.

మార్కెలోస్ వంగి చెప్పుల పట్టీలు విప్పాడు. మూడు నెలలు వాటితో నడక నేర్చుకున్నాడు పాపం, మడమలు పుళ్ళు పడ్డాయి. రెండు చెప్పులూ తెచ్చి కాగితం మీద పెట్టాడు.

"నాకొద్దు ఈ సినిమా. ఆదివారం నువ్వు కెమెరా పెడితే నేను టీవీలో కూర్చుని అన్నీ చెప్తా. నా మొహం జనానికి తెలుసన్నావుగా. అది దేనికో దానికి పనికి రావాలి."

"చెప్పుకో," అన్నాడు ఫెదోన్. "సినిమా ఇంకా బాగా ఆడుతుంది."

గరిఫల్య ఈ మాటలేవీ వింటున్నట్టు లేదు. గోడ క్యాలెండరు వైపు చూసి, వేళ్ళు మడిచి ఏదో లెక్క వేసుకుంది.

"ముప్పై ఎనిమిది రోజులు," అంది. "మా అమ్మ ముప్పై ఎనిమిది రోజులుగా నన్ను ఏడుస్తోంది. మీరంతా నాతో కలిసి కాఫీలు తాగారు." ఎలీరా మొహం కప్పుకుంది. "ఊళ్ళో ఎవరూ నాకు చెప్పలేదే పిన్నీ. పనయోతైనా చెప్పలేదే."

"ఎలా తెలుస్తుంది తల్లీ? మీ నాన్న పోయినప్పటి నుంచీ మీ అమ్మ నలుపే కడుతోంది. కొత్త నలుపు ఏదో పాత నలుపు ఏదో ఎవరు కనిపెడతారు? మీ చిన్నాన్నకి భయపడి ఆమె ఎవరికీ నోరు విప్పి ఉండదు." ఆ మాట అంటుంటే నా గొంతు నాకే అసహ్యం వేసింది. పనయోత ఫోను చేసినప్పుడు ఇంకొక్క ప్రశ్న అడిగి ఉంటే సరిపోయేది.

"నీ ఫోను ఇవ్వు."

"వద్దు పిల్లా. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి. చచ్చిన బిడ్డ ఒక్కసారిగా ఫోనులో మాట్లాడితే గుండె ఆగిపోతుంది. వ్యాను తీస్తాను, పద. చీకటి పడేసరికి పనయోత ఇంట్లో ఉంటాం. ముందు అది వెళ్ళి మెల్లగా చెప్తుంది."

"అప్పటిదాకా ఏడుస్తూ ఉండమంటావా? నా గొంతు గుర్తుపట్టకపోతే పెట్టేస్తాను. ఇవ్వు."

"చెయ్యి, చెయ్యి," అన్నాడు ఫెదోన్. "ఫోను పక్కనే కెమెరా ఉంది. అది కూడా నాకు కావాలి."

గరిఫల్య చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఫోను చేస్తే తల్లి గుండె పగలడం అతని సినిమాలోకి ఎక్కుతుంది. చెయ్యకపోతే ఆ తల్లి ఇంకో రెండు రోజులు బతికున్న బిడ్డకి గోధుమలు ఏరుతూ కూర్చుంటుంది. ఎటు కదిలినా లాభం అతనికే. గరిఫల్య నా చేతిలోంచి ఫోను లాక్కుంది.

ఇరవై రెండేళ్ళుగా ఒక్కసారీ తిప్పని ఆ నంబరు ఆమెకి చూసుకోకుండా వచ్చింది. ఫోను బల్ల మీద పెట్టి గొంతు బయటికి వినబడేలా నొక్కింది. మోగింది. మోగుతూనే ఉంది. నేను మూడుసార్లు గాల్లోకి ఉమ్మి దిష్టి తీశాను.

"ఎవరూ?" అంది స్తమాత.

గరిఫల్య నోరు తెరిచింది. ఏ పేరు చెప్పాలి? పాత పేరు చెప్తే ఇన్నేళ్ళ బతుకూ కొట్టేసుకున్నట్టు. కొత్త పేరు చెప్తే, ఆ పేరుగల పిల్ల ముప్పై ఎనిమిది రోజుల కిందట చచ్చిపోయింది.

"ఎవరమ్మా? మాట్లాడరేం?"

"పిలిచావు కదమ్మా," అంది గరిఫల్య. "పలుకుతున్నాను."

అవతల గిన్నెలో ఏదో ఉడుకుతున్న చప్పుడు మాత్రం వచ్చింది. నేను శిలువ గుర్తు వేసుకుని, ఆ చప్పుడు ఆగకూడదని దణ్ణం పెట్టుకున్నాను. అప్పుడు స్తమాత గొంతు ఫోనుకి కాస్త దూరంగా, ఉరుములా వినబడింది.

"అబ్బాయిలూ! ఏదో తప్పు నంబరు. ఊరికే ఆ పెట్టె నా మొహాన పెట్టి నిలబడకపోతే పెరట్లోకి పోయి కట్టెలు కొట్టుకు రారాదూ? కట్టెలు లేకుండా గోధుమలు నా తలమీద ఉడుకుతాయా? ఇద్దరూ పొండి. ఆ పెట్టె కూడా పట్టుకుపొండి, ఇక్కడ పెడితే పొగ పడుతుంది."

అడుగుల చప్పుడు. తలుపు చప్పుడు. గడియ పెట్టిన చప్పుడు. ఫెదోన్ కుర్చీలో నిటారుగా అయ్యాడు.

"గరిఫల్యా," అంది స్తమాత, ఈసారి ఫోనుకి దగ్గరగా.

గరిఫల్య బల్ల మీదికి వంగిపోయింది. నేను ఆమె వీపు మీద చెయ్యి వేశాను. వెక్కి వెక్కి ఏడ్చింది, చిన్నపిల్ల ఏడ్చినట్టు. అవతలి తల్లి ఆపమనలేదు. ఏడుపు కాస్త తెరిపిచ్చేదాకా ఆగింది.

"అయిందా? ఇక విను, ఆ పిల్లకాయలు కట్టెలు కొట్టి ఎరుగరు, అయినా ఎంతోసేపు పట్టదు. పది రోజుల కిందట ఉత్తరం అందిందే. పేరు పండుగ ఉత్తరం. చచ్చినదానివి మూడో తారీఖున ఉత్తరం ఎలా రాస్తావే? వారం రోజులు దాన్ని చూసుకుంటూ కూర్చున్నాను. నీ నంబరు నా దగ్గర లేదు. నాకు చదవడమే గానీ రాయడం రాదు, ఎవరి చేత ఉత్తరం రాయించినా, పనయోత చేత ఫోను చేయించినా మీ చిన్నాన్న చెవిన పడుతుంది. సరే, ఆదివారం దాకా ఆగుదాం, ఊరంతా వచ్చే రోజు అదే కదా అనుకున్నాను. తొమ్మిదో రోజు ఏడ్చిన ఏడుపు నిజం. నిన్నటి నుంచి ఏడుస్తున్నది వాళ్ళ పెట్టె కోసం. వాళ్ళకి నాటకం కావాలంటగా."

మార్కెలోస్ నోరు వెళ్ళబెట్టాడు. ఇరవయ్యేళ్ళుగా నటిస్తున్నాడు అతను.

"వస్తానమ్మా," అంది గరిఫల్య. "ఇప్పుడే బయల్దేరతాను."

"ఇప్పుడొద్దు. ఆదివారం రా. చాటుగా కాదు, పట్టపగలు, చర్చి గుమ్మంలోంచి రా. నలుపు కట్టుకోకు. వాంగెల్యో అక్కడుందా?"

"ఉన్నాను స్తమాతక్కా," అన్నాను.

"కిరీటం పంపావు. ఎవరికే అని ఇంకోసారి అడగలేదేం?"

నేను తల దించుకున్నాను. అది ఆమెకి కనబడదని కూడా తోచలేదు.

"సరేలే. దానికి మంచి బట్ట కుట్టు. నువ్వే తీసుకురా. ఇంకొకటి. ఆ మనిషి, నా గడపలో నిలబడి నా బిడ్డ చచ్చిందని చెప్పి, నాతో పాటు కళ్ళు తుడుచుకున్నవాడు. వాణ్ణి కూడా తీసుకురండి. వాడు రాకుండా రాకండి."

ఫెదోన్ ఫోను వైపు చూశాడు. ఈ గదిలో ఏం జరిగినా తన సినిమాలో పడుతుందనుకునే మనిషి, మొదటిసారి కోటు కోసం చెయ్యి చాచాడు.

కిటికీ అవతల వీధిలో ఎవరో మోటారు సైకిలు ఆపారు. ఫోనులో మూత తీసిన చప్పుడు, గరిటె తిప్పిన చప్పుడు వినబడ్డాయి.

"అమ్మా," అంది గరిఫల్య, కళ్ళు తుడుచుకుంటూ. "నేను బతికే ఉన్నానని తెలిసింది కదా. మరి ఆ గోధుమలు ఎందుకు ఉడకబెడుతున్నావు?"

"ఊరందరికీ చెప్పేశానే, ఆదివారం కోలివా పంచుతానని. ఎవరి పేరనో మాత్రం చెప్పలేదు," అంది స్తమాత. తలుపు అవతల కుర్రాళ్ళు కొడుతున్న చప్పుడు మొదలైంది. ఆమె గొంతు తగ్గించింది. "చచ్చినవాళ్ళు లేకుండా నేను శోకం ఎత్తుకోనని ఆ పెద్దమనిషికి మొదటి రోజే చెప్పాను. వాణ్ణి తీసుకురా."

ఫోను పెట్టేసింది.